బోగోలు టేపులో రొద

హైదరాబాదు,
3 ఆగస్టు 1964

బోగోలు కళాశాల భౌతికశాస్త్ర ఉపన్యాసకులు శ్రీ పి. మాల్యాద్రి గారికి,

నమస్కారములు. మా బోధనా పరికరాల శిక్షణ కేంద్రం తరఫున మీ కళాశాలకు ఒక టేపు రికార్డరు మంజూరైన సంగతి మీ ప్రిన్సిపాలు గంగులయ్య గారికి ఇదివరకే రాసి ఉన్నాము. దాన్ని వాడే బాధ్యత మీరు తీసుకున్నారని వారు తెలియజేశారు. స్టాఫు మీటింగులో మిగతా ఉపన్యాసకులందరూ తల వంచుకుని కూర్చుంటే మీరొక్కరే చెయ్యెత్తారట. సంతోషం.

యంత్రం రైల్లో వస్తోంది. బిట్రగుంట స్టేషనులో విడిపించుకోగలరు. వాడకం చాలా సులభం. మీట నొక్కి, మైకు ముందు కూర్చుని, తరగతిలో ఎలా చెబుతారో అలాగే పాఠం చెప్పడమే. ఆ టేపు మాకు పంపితే ఎంపిక కమిటీవారు వింటారు. నచ్చితే నకళ్ళు తీయించి రాష్ట్రంలోని కాలేజీలన్నిటికీ పంపుతారు. ఒక్క షరతు మాత్రం ఉంది. ఈ విద్యాసంవత్సరం ముగిసేలోగా మీ కాలేజీ నుంచి ఒక్క పాఠమైనా ఎంపిక కాకపోతే యంత్రాన్ని వెనక్కి తెప్పించుకుని, దానికోసం ఎదురుచూస్తున్న మరో కాలేజీకి ఇచ్చేస్తాము.

ఏ ఇబ్బంది వచ్చినా నాకు రాయండి. యంత్రమంటే ఉపన్యాసకులకుండే బెరుకు పోగొట్టడమే నా ఉద్యోగం.

ఇట్లు,
ఎస్. కరీముల్లా,
శిక్షణాధికారి

తా.క. యంత్రానికి పూజ చేయదలచుకుంటే దూరం నుంచి చేయండి. కిందటి నెల ఒక కాలేజీవారు దాని మోటారులో కొబ్బరినీళ్ళు పోశారు.

---

బోగోలు,
29 ఆగస్టు 1964

శిక్షణాధికారి కరీముల్లా గారికి మాల్యాద్రి నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. యంత్రం కూడా క్షేమం.

బిట్రగుంట నుంచి దాన్ని ఎడ్లబండిలో, కింద రెండు బొంతలు పరిచి తీసుకొచ్చాం. ప్రిన్సిపాలు గారు దాన్ని చూసి, "ఇంత విలువైన వస్తువు ఎవరి చేతుల్లోనైనా పడితే పాడైపోతుంది" అని తన గదిలో పెట్టి తాళం వేసుకున్నారు. వారం రోజులు ఎవరి చేతుల్లోనూ పడలేదు. ఆఖరికి మీ ఉత్తరంలోని షరతు చూపించి బయటికి తెప్పించాను.

మా తెలుగు పండితులు శేషాచార్యులు గారు ముందుగా ఒక పద్యం చదివి, తిరిగి వేయించుకుని విన్నారు. "యంత్రం చెడిపోయింది, పంపించెయ్యండి" అన్నారు. ఏమి చెడిందండీ అంటే, "ఇది నా గొంతు కాదు" అన్నారు. అది ఆయన గొంతే. ఇన్నేళ్ళుగా మేమంతా వింటున్నది అదే.

నా సంగతి కూడా చెప్పాలి కదా. మాది జువ్వలదిన్నె. మా ఊళ్ళో పడవెక్కి బతకని మగవాణ్ణి నేనొక్కణ్ణే. కాలేజీలో పాఠం చెప్పే మనిషి మా ఊరి నుంచి ఇంతకుముందు ఎవరూ లేరు. అందుకే పి.యు.సి. పిల్లలకు చెప్పే "ఆటుపోట్లు" పాఠాన్నే ఎంచుకున్నాను. సముద్రం గురించి రాష్ట్రమంతటికీ చెప్పేది సముద్రం ఒడ్డున పుట్టినవాడైతేనే బాగుంటుందని నా ఉద్దేశం. టేపు ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. విని, లోపమేదైనా ఉంటే మొహమాటపడకుండా రాయండి. ఉండదనుకోండి.

ఇట్లు,
పి. మాల్యాద్రి, ఎం.ఎస్‌సి.,
భౌతికశాస్త్ర ఉపన్యాసకుడు

తా.క. కొబ్బరినీళ్ళ సంగతి మా వాళ్ళకు చెప్పాను. మేం పసుపు కుంకుమలతోనే సరిపెట్టాం.

---

హైదరాబాదు,
14 సెప్టెంబరు 1964

మాల్యాద్రి గారికి నమస్కారాలు.

మీ పాఠం విన్నాను. నేను లెక్కల్లోనూ సైన్సులోనూ అంతంతమాత్రం మనిషిని. అయినా సముద్రం ఎందుకు పొంగుతుందో నాకు మొదటిసారి అర్థమైంది. మీ గొంతు గంభీరంగా ఉంది. ఉదాహరణలు బాగున్నాయి.

అయితే టేపులో ఒక లోపం ఉంది. మీరు వాక్యం ముగించిన ప్రతిసారీ వెనక నుంచి సన్నగా ఒక రొద వస్తోంది. మూలుగులా ఉంటుంది. మీరు మాట్లాడుతున్నంతసేపూ రాదు, ఆపగానే వస్తుంది. ఇంత క్రమశిక్షణ గల రొదను నేను ఎక్కడా వినలేదు. మా ఇంజనీరూ నేనూ బాగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాం. సముద్రపు గాలిలోని ఉప్పు, బిట్రగుంట రైలు షెడ్డు నుంచి వచ్చే అదురు, రెండూ కలిసి యంత్రం తీగల్లోకి దిగుతున్నాయి. దీనికి మందు ఎర్తింగు. కాలేజీ ఆవరణలో మనిషి లోతు గుంట తవ్వి, రాగి పలక పాతి, బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చి, తీగను యంత్రానికి కలపండి. గుంటకు రోజూ నీళ్ళు పోయండి. తరవాత మళ్ళీ రికార్డు చేసి పంపండి.

ఈ విషయం మీద మా డైరెక్టరు గారికి ఒక నివేదిక కూడా సమర్పించాను. ఆయన చాలా సంతోషించి దీనికి "సముద్రతీరపు రొద" అని పేరు పెట్టారు.

ఇట్లు,
ఎస్. కరీముల్లా

తా.క. చంద్రుడి ఆకర్షణ గురించి చెప్పినచోట రొద రెండుసార్లు వచ్చింది. చంద్రుడికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందేమో మీ శాస్త్రీయ అభిప్రాయం రాయగలరు.

---

బోగోలు,
5 అక్టోబరు 1964

కరీముల్లా గారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే గుంట తవ్వించాం. రాగి పలక మా కెమిస్ట్రీ లెక్చరరు సమాధానం గారు ఇచ్చారు. ఇచ్చి, పక్కనే నిలబడి, ఉప్పు ఎంత వేయాలన్నదాని మీద ఒక పూట ఉపన్యాసం చెప్పారు. ఆ ఉపన్యాసం రికార్డు చేసి ఉంటే ఈపాటికి మా కాలేజీ గండం గడిచేది. పూడ్చిన గుంటకు రోజూ నీళ్ళు పోస్తుంటే పిల్లలు ఏ మొక్క నాటారు సార్ అని అడుగుతున్నారు. మొలిచాక చూద్దురుగాని అన్నాను.

ఒక మాట మాత్రం రాయక తప్పదు. మొదటి టేపును మీకు పంపేముందు నేను ఎంత చెవి పెట్టి విన్నా అందులో రొద ఏదీ నాకు వినిపించలేదు. పాఠం పాఠంలాగే ఉంది. సమాధానం గారినీ ప్రిన్సిపాలు గారినీ కూడా అప్పుడే కూర్చోబెట్టి వినిపించాను. వాళ్ళకూ వినిపించలేదు. మీ హైదరాబాదు యంత్రంలోనే ఏదో తేడా ఉందేమో ఒకసారి చూపించుకోండి. ఇక చంద్రుడికి ఈ వ్యవహారంతో ఏ సంబంధమూ లేదని నేను చదివిన చదువు మీద ఒట్టేసి చెప్పగలను.

ఎర్తింగు పెట్టాక రికార్డు చేసిన రెండో టేపు పంపుతున్నాను.

ఇట్లు,
పి. మాల్యాద్రి, ఎం.ఎస్‌సి.

తా.క. ఈ టేపులో మా అక్క గొంతు కొంచెం బొంగురుగా ఉంటే మన్నించండి. జలుబు. ఇంట్లోనే ఉండమని ఎంత చెప్పినా వినకుండా బోగోలు దాకా వచ్చి, మొదటిసారి లాగానే గది మూల వల అల్లుకుంటూ కూర్చుని, పాఠమంతటికీ ఊఁ కొట్టింది.

---

హైదరాబాదు,
17 అక్టోబరు 1964

మాల్యాద్రి గారికి,

మీ తాజా కలం మూడుసార్లు చదివాను. మూడోసారి చదివేటప్పుడు నిలబడి చదివాను.

అంటే ఆ రొద మీ అక్కగారా? అయ్యా, ఈ ముక్క మొదటి ఉత్తరంలో రాస్తే మీ సొమ్మేం పోయింది? నా నివేదిక చూసి డైరెక్టరు గారు కోస్తా కాలేజీలన్నిటికీ సర్క్యులరు పంపేశారు. సముద్రం ఒడ్డున ఎన్ని కాలేజీలున్నాయో అన్నిటి ముంగిట్లోనూ ఇప్పుడు గుంటలున్నాయి. ఒకచోట తవ్వుతుంటే మంచినీళ్ళు పడ్డాయట. బావి కట్టించుకుంటామని, సిమెంటుకు అనుమతి ఇమ్మని మాకు రాశారు.

సరే, అయిందేదో అయింది. పాఠం చెప్పేది మీరు. మధ్యలో ఇంకెవరో ఊఁ అంటుంటే వినే విద్యార్థుల ధ్యాస చెదురుతుంది. కమిటీ ఒప్పుకోదు. గదిలో ఎవరినీ ఉంచకుండా, తలుపు వేసుకుని, ఒక్కరే కూర్చుని పాఠం చెప్పి పంపండి. ఇందులో కష్టమేమీ లేదు. ఆ రొద ఒక్కటి లేకపోతే మీ పాఠం తప్పకుండా ఎంపికవుతుంది.

ఇట్లు,
ఎస్. కరీముల్లా

తా.క. ఈ సంగతి మన ఇద్దరి మధ్యే ఉండాలి. డైరెక్టరు గారు ఢిల్లీలో జరిగే సభలో చదవడానికి "సముద్రతీరపు రొద" మీద వ్యాసం రాస్తున్నారు.

---

బోగోలు,
8 నవంబరు 1964

శిక్షణాధికారి గారికి,

మీరు అధికారులు, నేను ఉపన్యాసకుణ్ణి. అయినా మీరు ఆ మాట రాయకుండా ఉండవలసింది. మా అక్క మాలకొండమ్మ ఊఁ కొట్టడం రొద కాదు.

మా అమ్మానాన్నా పోయేసరికి నాకు పలక మీద అక్షరాలు దిద్దే వయసు. అప్పటి నుంచీ అక్కే పెంచింది. ఎండుచేపలు గంపలో పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మి నన్ను చదివించింది. సాయంత్రం వచ్చి వల ముందేసుకుని కూర్చుని, "ఈ పొద్దు ఏం చెప్పినారో చెప్పు" అనేది. నేను చెప్పేవాణ్ణి, ఆమె ఊఁ కొట్టేది. బళ్ళో పాఠాలూ అంతే, మద్రాసులో ఎం.ఎస్‌సి. చదివి సెలవులకు వచ్చినప్పుడూ అంతే. ఇవాళ్టికీ రేపు క్లాసులో చెప్పబోయేది ముందు ఆమెకు చెప్పుకోనిదే నాకు తృప్తి ఉండదు. మా వైపు ఊఁ కొట్టే మనిషి లేకపోతే కథ చెప్పేవాడు కథ ఆపేస్తాడు. క్లాసులోనైనా పిల్లల మొహాలుంటాయి. మీ మైకుకు మొహం కూడా లేదు.

అయినా మీ ఆజ్ఞ ప్రకారం తలుపు వేసుకుని ఒక్కణ్ణే కూర్చున్నాను. "సముద్రపు నీటిమట్టం రోజుకు రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గును" అన్నాను. ఆగాను. ఎవరూ ఏమీ అనలేదు. మళ్ళీ అన్నాను. టేపు తిరుగుతూనే ఉంది. కిటికీలోంచి చూస్తున్న అక్క ఉండబట్టలేక, "ఎవురికి చెప్తాండావురా? ఆ ఇనప డబ్బాకా? అదేమన్నా అనిందా?" అని అడిగింది.

సరే, అక్క కాకుండా చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఊఁ కొడితే కమిటీవారు కాదనరేమోనని మావాళ్ళను బతిమాలాను. ముందు ప్రిన్సిపాలు గారు కూర్చున్నారు. ఆయన ఊఁ అంటే "చూద్దాం, ఇంక వెళ్ళండి" అని మాకందరికీ అర్థం. మొదటి ఊఁ వినగానే నేను లేచి నమస్కారం పెట్టి గదిలోంచి బయటికి వచ్చేశాను. సమాధానం గారు నా వాక్యం సగంలో ఉండగానే ఊఁ అంటారు. తరవాతి సగం ఆయనకు తెలుసట. శేషాచార్యులు గారు ఊఁ అనడానికి బదులు ఊహూఁ అన్నారు. చంద్రుడనే మాట ఎలా పుట్టిందో చెప్పనిదే ముందుకు పోనివ్వనన్నారు. ఇవన్నీ ఉన్న టేపు మీ సమాచారం కోసం పంపుతున్నాను.

ఇట్లు,
పి. మాల్యాద్రి

తా.క. మీ ఉత్తరం అక్కకు చదివి వినిపించాను. మొదటి నుంచి చివరిదాకా ఊఁ కొట్టింది. రొద అన్న మూడుచోట్ల మాత్రం కొట్టలేదు.

---

హైదరాబాదు,
27 నవంబరు 1964

మాల్యాద్రి గారికి నమస్కారాలు.

ముందుగా అక్కగారికి నా క్షమాపణలు చెప్పండి. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మాదీ మీ జిల్లానే, ముత్తుకూరు. ఈ నగరంలో యంత్రాల మధ్య కూర్చుని కూర్చుని, మనిషి ఊఁ అంటే కూడా మోటారు చప్పుడనుకునే స్థితికి వచ్చానని నా మీద నాకే చిన్నతనంగా ఉంది.

మీ ప్రయత్నాల టేపు విన్నాను. మీ ప్రిన్సిపాలు గారి ఊఁ వినగానే నేను కూడా కుర్చీలోంచి లేచాను.

మీరు ఒంటరిగా చెప్పలేరని తేలిపోయింది. అక్కగారి ఊఁతో కమిటీ ముందుకు పోలేమని కూడా తేలిందే. కాబట్టి ఉపాయమొకటి ఆలోచించాను. మీ మొదటి టేపు తీసుకుని, ఊఁ వచ్చిన ప్రతిచోటా కత్తెరతో కత్తిరించి, మిగతా ముక్కల్ని అతికిస్తాను. అప్పుడు మీ పాఠం మీరొక్కరే చెప్పినట్టు ఉంటుంది. మీకు సమ్మతమైతే రాయండి. ఫిబ్రవరిలో కమిటీ కూర్చుంటుంది. ఈ ఏటికి అదే ఆఖరు.

మీ,
కరీముల్లా

తా.క. కత్తిరించిన ముక్కలు పారేసే వీల్లేదు. ప్రభుత్వపు టేపు అంగుళం తగ్గినా నేను సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందుకని ఊఁలన్నిటినీ వరసగా అతికించి ఇంకో చక్రానికి చుడతాను.

---

బోగోలు,
10 జనవరి 1965

కరీముల్లా గారికి నమస్కారాలు.

అక్క ఊఁను కత్తిరించడానికి నా మనసు ఒప్పలేదు. అందుకే ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. ఆఖరికి అక్కే, "నీ పాఠం నలుగురూ ఇనాల గానీ, నా ఊఁ ఎవురికి కావాలబ్బయ్యా? కోయమను" అంది. కాబట్టి కోయండి.

ఇక్కడ పరిస్థితి ఏమీ బాగాలేదు. యంత్రం వచ్చిన చెక్కపెట్టెను ప్రిన్సిపాలు గారు అటక మీంచి దింపించి దుమ్ము దులిపించారు. తిరిగి పంపేటప్పుడు వెతుక్కోకుండా ఉంటుందట. జువ్వలదిన్నెలో మాత్రం అందరూ గట్టి నమ్మకంతో ఉన్నారు. అక్క చేపల గంప దించిన ప్రతిచోటా మా తమ్ముడు హైదరాబాదులో మాట్లాడబోతున్నాడని చెబుతోంది. నిన్న ఒడ్డున పడవలవాళ్ళు నన్ను ఆపి, నువ్వు మాట్లాడేది ఏ పొద్దో చెప్తే ఆ పొద్దు వేటకు పోము అన్నారు. పాఠం పోతే పోయిందని సర్దుకోగలను. వీళ్ళ ముందు ఎట్లా నడిచి ఇంటికి పోవాలో మాత్రం తెలియడం లేదు.

మీ,
మాల్యాద్రి

తా.క. మా ఎర్తింగు గుంటలో ఏదో మొలిచింది. సమాధానం గారు రోజూ వెళ్ళి చూస్తున్నారు. సొరపాదులా ఉంది.

---

హైదరాబాదు,
12 ఫిబ్రవరి 1965

మాల్యాద్రి గారికి,

నిన్న కమిటీ జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. చివరిదాకా చదివిన తరవాతే నన్ను తిట్టండి.

టేపు యంత్రానికెక్కించి, "బోగోలు కాలేజీ, ఆటుపోట్లు" అని ప్రకటించి, మీట నొక్కాను. "ఊఁ" అని వినిపించింది. కొంత ఆగి "ఊఁ". మళ్ళీ "ఊఁ". డబ్బా తిప్పి చూశాను. రెండు చక్రాలూ ఒకేరకం డబ్బాల్లో పెట్టాను. మీ పాఠం నా బల్ల మీదే ఉండిపోయింది. నేను తెచ్చింది అక్కగారి ఊఁలు.

ఆపబోతే మా ఛైర్మన్ గారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన లెక్కల ప్రొఫెసరు. కిందటి ఏటి నుంచి సొంత పాఠం ఒకటి రికార్డు చేయాలని మా దగ్గరికి వస్తున్నారు. మైకు చూడగానే ఆయనకు నోరు ఎండిపోతుంది. ప్రతిసారీ మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతారు. అటువంటి మనిషి ఆ ఊఁలు వింటూ వింటూ, "ఒక వృత్తాన్ని తీసుకుందాం" అన్నారు. టేపు "ఊఁ" అంది. "దానికి బయట ఒక బిందువును తీసుకుందాం" అన్నారు. "ఊఁ" అంది. ఇంక ఆయన్ను పట్టేవాళ్ళు లేకపోయారు. టేపు అయిపోయేదాకా, ఒక్క తడబాటు లేకుండా, సిద్ధాంతం మొత్తం చెప్పేశారు. అది కాగానే మిగతా సభ్యులు నాకంటే నాకని యంత్రం ముందు కుర్చీ కోసం పోటీపడ్డారు. వాళ్ళెవరూ కూడా ఇంతవరకూ మైకు ముందు నోరు విప్పలేనివాళ్ళేనని నాకు అప్పుడే తెలిసింది.

ఏకగ్రీవంగా తీర్మానం చేశారు. అక్కగారి ఊఁల టేపుకు నకళ్ళు తీయించి రాష్ట్రంలోని కాలేజీలన్నిటికీ పంపాలి. ఉపన్యాసకులు దాన్ని వింటూ పాఠాలు రికార్డు చేయాలి. ఎంపికైన టేపు మీ కాలేజీది కాబట్టి యంత్రం మీకే ఉంటుంది. మీ ఆటుపోట్ల పాఠం ఇంకా ఎవరూ వినలేదు. వచ్చే సమావేశంలో వింటారు. అందుకు నన్ను క్షమించాలి. ఈలోగా నకళ్ళు తీయడానికి సమ్మతమని అక్కగారి చేత వేలిముద్ర వేయించి పంపండి. అది రానిదే తీర్మానం చెల్లదు.

మీ,
కరీముల్లా

తా.క. డైరెక్టరు గారు తన ఢిల్లీ వ్యాసం నా చేతిలో పెట్టి, రొద అని ఉన్నచోటల్లా ఊఁ అని దిద్దమన్నారు. మిగతాదంతా అలాగే ఉంచమన్నారు.

---

బోగోలు,
24 ఫిబ్రవరి 1965

కరీముల్లా గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం స్టాఫు గదిలో చదివాను. ప్రిన్సిపాలు గారు చెక్కపెట్టెను మళ్ళీ అటక ఎక్కించారు. శేషాచార్యులు గారు ఊఁకారం మీద ఒక పద్యం చెప్పారు. నేను సైకిలెక్కి, జువ్వలదిన్నె వెళ్ళి, అందరి ముందూ అక్కకు చదివి వినిపించాను.

అక్క వేలిముద్ర వేయనంది.

ఆమె మాటలు ఆమె అన్నట్టే రాస్తున్నాను. "ఆ అయ్యోర్లు ఏం చెప్తారో నాకేం తెలుసు? వాళ్ళు ఒప్పు చెప్పినా తప్పు చెప్పినా ఆ డబ్బా ఊఁ అంటానే ఉంటది. నేను ఇన్న దానికే ఊఁ అంటాను. ఇనకుండా మాలకొండమ్మ ఊఁ కొట్టిందని రేపు ఎవురన్నా అంటే నా మొగం యాడ పెట్టుకునేది?"

నేను నచ్చజెప్పబోయాను. నీకు నా పాఠాలు అర్థమయ్యే ఊఁ కొట్టావా, అలవాటు కొద్దీ కొట్టలేదా, ఇదీ అంతేననుకో అన్నాను. అక్క వల పక్కన పెట్టింది. "నువ్వు మద్రాసులో చదివేటప్పుడు ఒకసారి, చంద్రుడున్న పక్కే గాకుండా ఆవల పక్క గూడా సముద్రం పొంగతాదని చెప్పినావు. అదెట్టరా, చంద్రుడు ఈ పక్కనుంటే ఆ పక్కెందుకు పొంగాల అంటే, రేపు చెప్తానన్నావు. ఇంకా చెప్పలా" అంది.

నేనది ఎప్పుడో మరిచిపోయాను. ఇన్నేళ్ళూ చేతులు వల మీద, మనసు చేపల బేరం మీద పెట్టుకుని, నా ముచ్చట తీర్చడానికి ఊరికే ఊఁ అంటోందనుకున్నాను. ఆమె వింది, కరీముల్లా గారూ. ప్రతి మాటా వింది. విని, తరవాతి మాట కోసం కాచుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం ఒడ్డున కూర్చుని చెప్పాను. చాలాసేపు ఊఁ అనలేదు. ఇసకలో గీసి ఇంకోరకంగా చెప్పాను, అప్పటికీ అనలేదు. మూడోసారి నేను కూడా సరిగ్గా ఆలోచించుకుని చెప్పాను. అప్పుడు అంది. ఇంత గట్టి పరీక్ష యూనివర్సిటీలో కూడా నాకు ఎవరూ పెట్టలేదు.

కాబట్టి వేలిముద్ర పంపడం లేదు. ఆ అయ్యవార్లు ఎదురుగా కూర్చుని చెబితే వింటుందట, విని తోచితే ఊఁ అంటుందట. అంతకు మించి ఒప్పుకోదు. మీ తీర్మానం చెల్లకపోతే చెల్లకపోనివ్వండి. యంత్రాన్ని పట్టుకుపోతే పట్టుకుపోండి. నేనే బిట్రగుంట దాకా వచ్చి రైలెక్కిస్తాను. నా పాఠం ఎవరూ వినకపోయినా ఫరవాలేదు. అంత చక్కగా వినే మనిషి చేతుల్లో పెరిగానని నాకు చెప్పలేనంత గర్వంగా ఉంది. ఊళ్ళో నడవడానికి ఇప్పుడు నాకే ఇబ్బందీ లేదు.

మీ,
మాలకొండమ్మ తమ్ముడు మాల్యాద్రి

తా.క. అది సొరపాదే. మొదటి కాయ ప్రిన్సిపాలు గారు తన గదిలో పెట్టి తాళం వేసుకున్నారు.

---

హైదరాబాదు,
15 మార్చి 1965

మాల్యాద్రి గారికి నమస్కారాలు. అక్కగారికి సలాములు.

మీ ఉత్తరం కమిటీలో పైకి చదివాను. ఛైర్మన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆమె చెప్పింది నిజం. ఆ రోజు నేను సిద్ధాంతంలో ఒక మెట్టు వదిలేశాను. టేపు ఊఁ అంది గనక నాకు తెలియలేదు" అన్నారు. పాత తీర్మానం అక్కడికక్కడే రద్దుచేశారు.

కొత్త తీర్మానం ఇది. ఊఁల టేపుకు నకళ్ళు తీయరాదు. యంత్రం బోగోలు నుంచి కదలదు. వేసవి సెలవుల్లో ఉపన్యాసకులే జట్లు జట్లుగా అక్కడికి వచ్చి, మాలకొండమ్మ గారి ఎదుట కూర్చుని పాఠాలు చెప్పి రికార్డు చేసుకుంటారు. ఆమె ఊఁ అనని చోట ఆగి, మళ్ళీ చెబుతారు. ఆ ఊఁలను ఎవరూ కత్తిరించకూడదు. మొదటి జట్టులో ఛైర్మన్ గారే వస్తున్నారు, వదిలేసిన మెట్టుతో సహా. ఈ శిక్షణ నడిపించే బాధ్యత మీకు అప్పగించారు. రాష్ట్రంలోని ఉపన్యాసకుల యంత్రపు బెరుకు పోగొట్టడానికి నేను ఇన్నేళ్ళు పనిచేశాను. వాళ్ళకు బెరుకు యంత్రమంటే కాదని నాకు మీ ఇంటి నుంచి తెలిసింది.

మీ ఆటుపోట్ల పాఠం కూడా విన్నారు. నేను పాడుచేసింది కాదు, జలుబు చేసినప్పటి రెండో టేపు, ఊఁలతో సహా. ఎంపికైంది. ఈ నెలాఖరుకు కాలేజీలన్నిటికీ వెళుతుంది. దాని మీద మీ పేరు పక్కనే మీ అక్కగారి పేరు కూడా అచ్చు వేయిస్తున్నాను. ఈ సంగతి ఒడ్డున అందరికీ చెప్పండి.

మీ,
కరీముల్లా

తా.క. నేను కూడా వస్తున్నాను, సెలవు పెట్టుకుని. నా దగ్గర పాఠమేమీ లేదు. ముత్తుకూరు వదిలి వచ్చినప్పటి నుంచీ ఇక్కడ నేను చెప్పేది అందరూ రాసుకుంటారు గానీ ఎవరూ ఊఁ అనరు. కొన్ని సంగతులు చెప్పుకోవాలని ఉంది. అక్కగారికి ఎప్పుడు తీరికో కనుక్కుని రాయండి.